టారో కార్డులు ధమ్మానికి విరుద్ధమా?

 

ఈసారి అంశం మా నకిరేకల్ వైపు కాలేజీ పిల్లలు ఇచ్చింది. వాళ్లు అడిగింది ఇది: "మేము పంచాంగం చూడం, ముహూర్తం పెట్టించం, చేతికి తాడు కట్టుకోం. కానీ టారో కార్డులు తీసి, మా మనసు ఎట్లుందో మేమే చూసుకుంటే తప్పా? అది జోస్యం కాదు గదా, సైకాలజీ గదా?"

ఈ ప్రశ్న వినగానే "ఏం పేకముక్కల పిచ్చి ఇది" అని కసురుకునే పెద్దలు మనలో ఉన్నారు. కసిరితే పిల్లలు కార్డులు మానరు, మనల్ని అడగడం మానేస్తారు. అందుకని నిదానంగా ఆలోచిద్దాం. బాబాసాహెబ్ 1956 అక్టోబరు 14న నాగ్‌పూర్‌లో మనతో చేయించిన 22 ప్రతిజ్ఞల్లో కార్డుల మాట ఎక్కడా లేదు. బుద్ధుని బోధనకు విరుద్ధంగా నడవను అనే మాట ఉంది. ప్రజ్ఞ, శీలం, కరుణ మూడూ కలిపి బతుకుతాను అనే మాట ఉంది. మనకున్న తక్కెడ అదే.

టారో అంటే ఏందో తెలియని వాళ్లకు ముందు కొంచెం చెప్పాలి. మొత్తం 78 బొమ్మల ముక్కలు. అందులో 22 పెద్దవి, 56 చిన్నవి. (ఆ 22కూ మన 22కూ ఏ సంబంధం లేదు. ఉందని ఎవరైనా చెప్పి వంద రూపాయలు అడిగితే ఇవ్వకండి.) ఇది 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో పుట్టిన పేకాట. మూడు వందల ఏళ్లు జనం ప్రధానంగా ఆటగానే ఆడుకున్నారు. 1781లో ఫ్రాన్సులో కూర్ ద జెబెలాఁ అనే రచయిత, ఇది ఆట కాదు, ప్రాచీన ఈజిప్టు పూజారుల రహస్య గ్రంథం అని రాశాడు. అప్పటికి ఈజిప్టు లిపిని చదవగలిగిన మనిషి లోకంలో ఒక్కడు కూడా లేడు. అయినా జనం నమ్మారు. ఇప్పుడు మన పిల్లల ఫోన్లలో ఎక్కువగా కనిపించే బొమ్మలు 1909లో లండన్‌లో అచ్చయినవి. ఆర్థర్ వెయిట్ అనే ఆయన ఆలోచనకు పమేలా కోల్‌మన్ స్మిత్ అనే చిత్రకారిణి బొమ్మలు గీసింది. పేకాటకు పూజారి పేరు తగిలిస్తేనే గౌరవం వచ్చిందన్న మాట. ఇట్లాంటి కథలు మనకు కొత్త కాదు.

ఈ పని మన వాడల్లో వేరే పేర్లతో ఎప్పటినుంచో ఉన్నదే. పంజరంలోంచి చిలక వచ్చి ముక్కుతో ఒక అట్ట లాగుతుంది. గవ్వలు వేసి చూస్తారు. తమలపాకుకు కాటుక రాసి అంజనం చూస్తారు. ఎరుకల అమ్మ గంప ఎత్తుకొని "సోది చెప్తనమ్మా, ఎరుక చెప్తా" అని వస్తుంది. అరుగు మీద కూర్చొని, చెయ్యి పట్టుకొని, "నీ కడుపుల మాట ఇంట్ల ఎవలూ ఇంటలేరు బిడ్డా" అంటుంది. ఏ ఇంట్ల ఉండదు ఆ బాధ?

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. సోది చెప్పే అమ్మది మూఢనమ్మకం అని తరిమేసి, అదే పని ఇంగ్లీషు పేరుతో ఏసీ గదిలో ఫీజు తీసుకొని చేస్తే "ఆత్మపరిశీలన" అనడం తెలివి కాదు. అది వర్గం చూసి మాట్లాడడం. ఎరుకల వారిని బ్రిటిష్ సర్కారు మద్రాసు ప్రెసిడెన్సీలో నేరస్థ జాతి అని కాగితాల మీద రాసింది. ఆ చట్టం దేశమంతటా పోయేసరికి 1952 అయింది. సోదిని మనం ఒప్పుకోనక్కర్లేదు. కానీ ఆ అమ్మను గేలి చేసే నోటితో జై భీమ్ అనలేం.

ఎందుకు అందరికీ "నా గురించే చెప్పింది" అనిపిస్తుంది? 1948లో అమెరికాలో బెర్ట్రమ్ ఫోరర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 39 మంది విద్యార్థులకు ఒక పరీక్ష పెట్టాడు. తర్వాత ఎవరి ఫలితం వాళ్లకు అని తలా ఒక కాగితం ఇచ్చి, మీకు ఎంత సరిపోయిందో ఐదుకు మార్కులు వేయండి అన్నాడు. సగటు 4.26 వచ్చింది. ఆ తర్వాత తెలిసింది, అందరి కాగితంలో ఉన్నది ఒకటే రాత. అందులో వాక్యాలు ఎక్కువగా బజారులో దొరికే జ్యోతిష్యం పుస్తకంలోంచి తీసినవి.

పిల్లలు దీనికి జవాబు చెప్పారు. "ఆ సంగతి మాకూ తెలుసు. కార్డు నిజం చెప్తుందని మేం అంటలేం. బొమ్మ చూస్తే లోపలున్నది బయటికొస్తది, గంతే." ఈ మాటను నేను కొట్టిపారేయలేను. బొమ్మకు ఆ శక్తి ఉంది. స్విట్జర్లాండ్‌లో హెర్మన్ రోర్షాక్ అనే డాక్టరు 1921లో పది సిరా మరకల అట్టలు ప్రచురించాడు. వాటిలో ఏం కనిపిస్తుందో చెప్పించి మనసును తెలుసుకోవాలని చూశాడు. అంత దూరం కూడా ఎందుకు? 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యత ఉద్యమంలో రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్లు, సారా వల్ల ఇల్లు గుల్లయిన ఒక ఆడమనిషి పాఠం చదివారు. చదివి, ఇది మా కథే అన్నారు. దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మీదికి పోయి మూయించారు. ఆ మంట రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. ఆ పాఠం వాళ్లకు అద్దమే అయింది.

కానీ ఆ అద్దంలో వాళ్లు ఎట్లా చూశారో గమనించండి. పదిమంది కలిసి చూశారు. ఈ సారా ఎవడు అమ్ముతున్నడు, ఎవడు పాట పాడుకున్నడు, పైసలు ఎవరికి పోతున్నయి అని అడిగారు. నా మొగుడు తాగడానికి నా మనసులో ఏం లోపం ఉందో అని ఎవరూ అడగలేదు.

బుద్ధుని బోధనలో కూడా అద్దం ఉంది. ఒకటి కాదు, రెండు.

దీఘ నికాయంలో మొదటిది బ్రహ్మజాల సుత్తం. అందులో నీచ విద్యల జాబితా పొడుగ్గా ఉంటుంది. అవయవాలు చూసి చెప్పడం, కలలకు అర్థం చెప్పడం, ఎలుక కొరికిన బట్ట చూసి శకునం చెప్పడం, గ్రహణాలు, వానలు, రాజుల గెలుపోటములు ముందే చెప్పడం. ఆ వరసలోనే "ఆదాస పఞ్హ" అనే మాట వస్తుంది. ఆదాసం అంటే అద్దం. అద్దాన్ని ప్రశ్న అడిగి జవాబు రాబట్టడం అన్న మాట. దాని పక్కనే చిన్న ఆడపిల్లను కూర్చోబెట్టి ఆమె నోట జవాబు చెప్పించడం కూడా ఉంది. మన అంజనం చూసిన వాళ్లెవరికైనా ఈ రెండూ వెంటనే గుర్తుపడతాయి. బుద్ధుడు వీటికి దూరంగా ఉన్నాడని ఆ సుత్తం చెబుతుంది. నిజం చెప్పాలంటే అక్కడి మాట ఇలాంటి విద్యలతో పొట్టపోసుకునే సన్యాసుల గురించి. ఉపాసకులు కార్డు ముట్టుకుంటే దోషమని అందులో లేదు. లేనిదాన్ని ఉందని చెప్పి పిల్లల్ని భయపెట్టకూడదు.

రెండో అద్దం మజ్ఝిమ నికాయంలో 61వ సుత్తంలో ఉంది. అంబలట్ఠికలో చిన్నవాడైన రాహులుడికి చేసిన బోధ. అశోకుడు బైరాట్ శాసనంలో భిక్షువులూ ఉపాసకులూ మళ్లీ మళ్లీ వినాలని పేర్లు చెప్పిన కొద్ది బోధనల్లో ఇదొకటి. అబద్ధం గురించి రాహులుడికి చెప్పినది అని స్పష్టంగా చెక్కించాడు. అందులో బుద్ధుడు కొడుకును అడుగుతాడు, అద్దం ఎందుకు అని. చూసుకోవడానికి అంటాడు రాహులుడు. అట్లాగే నువ్వు చేసే ప్రతి పనినీ, పలికే ప్రతి మాటనూ, తలిచే ప్రతి తలపునూ చూసుకో అని బుద్ధుడు చెప్తాడు. చేయబోయే ముందు ఒకసారి, చేస్తూ ఉండగా ఒకసారి, చేశాక ఒకసారి. చూడాల్సింది ఏమిటి? దీనివల్ల నాకు హాని ఉందా, ఎదుటివారికి ఉందా, ఇద్దరికీ ఉందా? చేతల్లోనో మాటల్లోనో తప్పు జరిగిందని తేలితే, దాన్ని గురువుకో తెలివైన తోటివారికో విప్పి చెప్పు. అక్కడ కూడా పాళీ మాట ఆదాసమే. మన "అద్దం" అనే మాట దీనికి చుట్టమే.

ఒక అద్దాన్ని వదిలేసి, ఇంకో అద్దాన్ని కొడుకు చేతికి ఇచ్చాడు. మొదటి దాంట్లో రాబోయేది ఏమిటని చూస్తారు, లేదంటే నేను ఎలాంటి మనిషినని చూస్తారు. రెండో దాంట్లో చేసిన పని కనిపిస్తుంది, దాని దెబ్బ ఎవరికి తగిలిందో కనిపిస్తుంది. టారో కార్డు ఈ రెండింట్లో ఏది అన్నదే మన ప్రశ్న. ఒక పిల్ల సంగతి చెప్తాను, ఊరి పేరు వద్దు.

హైదరాబాదులో గ్రూప్ పరీక్షలకు చదువుకుంటున్న పిల్ల. దీక్ష తీసుకున్న కుటుంబం. రాత్రి పూట ఫోన్‌లో కార్డులు తీసుకునే అలవాటు పడింది. నెల రోజుల్లో మూడు సార్లు ఒకే కార్డు వచ్చిందట. ఎనిమిది కత్తులు. ఆ బొమ్మలో ఒక ఆడమనిషి కళ్లకు గంతలు, ఒంటికి కట్లు, చుట్టూ నేలలో గుచ్చిన ఎనిమిది కత్తులు. దానికి మామూలుగా చెప్పే అర్థం ఏమిటంటే, ఆ కట్లు వదులుగానే ఉన్నాయి, నిన్ను కట్టేసింది నీ మనసే, గంతలు తీసేస్తే నువ్వు స్వేచ్ఛగా నడవగలవు అని. ఆ పిల్ల నాతో అన్నది: "నిజమే అక్కా. నేనే పిరికిదాన్ని. అన్నిటికీ నాకు నేనే అడ్డం."

దేనికి అడ్డం అని అడిగితే మెల్లగా బయటపడింది. గది కోసం తిరిగినప్పుడు ఒక ఇంటామె "మీరేమోళ్లు?" అని అడిగింది. నిజం చెప్తే, మొన్ననే ఎవరికో ఇచ్చేసినం అన్నది. టు-లెట్ బోర్డు మాత్రం గేటుకు వేలాడుతూనే ఉంది. ఇంకో ఇంట్లోనూ అంతే. మూడో ఇంట్లో ఈ పిల్ల వేరే కులం పేరు చెప్పింది. గది దొరికింది.

ఇప్పుడు చెప్పండి, ఆ కట్లు ఎవరు కట్టినవి? మన జిల్లాలోనే, మిర్యాలగూడలో, కులం దాటి పెళ్లి చేసుకున్న ప్రణయ్‌ని 2018 సెప్టెంబరు 14న ఆసుపత్రి బయట గర్భిణి భార్య కళ్ల ముందు నరికారు. ఇట్లాంటి చోట పుట్టిన పిల్లకు కులం చెప్పాలంటే భయం వేస్తే అది మనసులోని లోపం కాదు. కళ్లతో చూసి నేర్చుకున్నది. దాన్ని "నీలోనే ఉన్న అడ్డంకి" అని చెప్పే కార్డు, పాపం ఆ కార్డు ఏమీ అనదు, దానికి అర్థం చెప్పే పుస్తకమూ వీడియోనూ, ఇంటామెను పక్కకు తప్పించేసి పిల్లను దోషిగా నిలబెడుతున్నాయి.

పూర్వజన్మ కర్మ సిద్ధాంతం చేసిన పని సరిగ్గా ఇదే. బాబాసాహెబ్ "బుద్ధుడు, ఆయన ధమ్మం" గ్రంథంలో దీని ముడి విప్పి చూపించారు. పేదవాడి గతికి పోయిన జన్మ పాపం కారణం అంటే సమాజమూ ప్రభుత్వమూ బాధ్యతలోంచి తప్పించుకోవచ్చు, ఆ సిద్ధాంతం ఎవరికి పనికొస్తుందో చూడండి అన్నారు. నల్లగొండ వాళ్లకు ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు. ఎముకలు వంగి, నడుములు గూనిపోయిన పిల్లల్ని చూసి ఏ జన్మ పాపమో అన్న నోళ్లు మనం విన్నాం. పాపం కాదు, బోరు నీళ్లల్లో ఫ్లోరైడ్. నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ వాళ్లు పటిక, సున్నం కలిపి ఆ నీళ్లను బాగుచేసే పద్ధతి కనిపెట్టి దానికి మన జిల్లా పేరే పెట్టారు. పాపాన్ని పటికతో కడగలేం గదా. అప్పుడు "పోయిన జన్మ" అన్నారు, ఇప్పుడు "సబ్‌కాన్షస్" అంటున్నారు. మాట మారింది గానీ వేలు చూపించేది మళ్లీ దెబ్బ తిన్నవాడినే.

"బుద్ధుడే అన్నిటికీ మనసే మూలం అన్నాడు గదా" అని మీలో కొందరు అడుగుతారు. అన్నాడు. మనసు మలినమైతే మాటా చేతా మలినమవుతాయి కాబట్టి మనసును శుద్ధి చేసుకోమన్నాడు. ఆ మాట ఇంటామెకు ముందు వర్తిస్తుంది. ఆమె మనసులో ఉన్న కులమే ఆ గేటుకు వేలాడింది.

ఇంకో అభ్యంతరం కూడా నాకు తెలుసు. బౌద్ధంలో జోస్యమే లేదా అని. ఉంది. నాగార్జునకొండలో దొరికిన ఒక శిల్పం ఢిల్లీ జాతీయ మ్యూజియంలో పెట్టారు. అందులో ముగ్గురు జోస్యులు శుద్ధోదనుడికి మహామాయ కలను వివరిస్తుంటే, కింద ఒకడు కూర్చొని రాసుకుంటుంటాడు. థాయ్‌లాండ్ విహారాల్లో నంబర్లు వేసిన పుల్లల డబ్బా ఊపి ఫలితం చూసుకునే జనం ఈనాటికీ ఉన్నారు. బాబాసాహెబ్ కూడా తన గ్రంథంలో ఆ కలనూ, అసితుడి జోస్యాన్నీ తీసేయలేదు. కానీ సిద్ధార్థుడు ఇల్లు విడిచింది ఎందుకని ఆయన రాశారు? రోహిణి నది నీళ్ల కోసం శాక్యులకూ కోలియులకూ తగాదా వస్తే, యుద్ధం వద్దని సంఘంలో మాట్లాడి, ఓటింగులో ఓడిపోయి, ఆ నిర్ణయానికి తలవంచక, ఇంటివారి మీదికి శిక్ష రాకుండా తానే బయటికి నడిచాడు. తండ్రి జోస్యం విని కొడుకు చుట్టూ మేడలు కట్టించాడు. కొడుకు మాత్రం కళ్ల ముందున్న తగాదాను చూసి, తన పని వల్ల ఎవరికి హాని అని లెక్క చూసుకున్నాడు.

మళ్లీ ఆ పిల్ల దగ్గరికి వద్దాం. ఎందుకంటే కత్తుల కార్డు అసలు ముట్టుకోని విషయం ఒకటి మిగిలిపోయింది. ఆమె అబద్ధం చెప్పింది. పంచశీలలో నాలుగోది. రాహులుడి అద్దం సరిగ్గా దాని మీదికే పోతుంది.

మేమిద్దరం కూర్చొని ఆ మూడు ప్రశ్నలు వేసుకున్నాం. ఎదుటివారికి హాని ఉందా? ఇంటామెకు ఏ హానీ లేదు, అద్దె సమయానికే పోతోంది. నిజం తెలుసుకునే హక్కు ఆమెకు ఉందని నేను అనుకోను. ఆమె అడిగిన ప్రశ్నే అధర్మం. ఈ విషయంలో ఆ పిల్ల ఆమె ముందుకు పోయి ఒప్పుకోవాల్సింది ఏమీ లేదని తేల్చి చెప్పాను. మనలో కొందరు పెద్దలు దీనికి ఒప్పుకోరు, శీలం అంటే శీలమే అంటారు. వాళ్లకు గది దొరకని రాత్రి ఎట్లుంటదో గుర్తులేదు కాబోలు.

మరి తనకు హాని ఉందా? ఇక్కడ పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. బాబాసాహెబ్ ఫోటో పెట్టెలో బట్టల కింద పెట్టిందట. అమ్మ ఫోన్ చేస్తే జై భీమ్ అనకుండా "హలో" అంటుందట. అమ్మ చూడ్డానికి వస్తానంటే, యాసలో ఏదైనా బయటపడుతుందేమోనని రెండుసార్లు వద్దని చెప్పిందట. "అమ్మకు తెల్వదక్కా, పరీక్షలని చెప్పిన" అన్నది. అంటే మొదటి అబద్ధం ఇంటామెకు, రెండోది అమ్మకు. మొదటిది ఆత్మరక్షణ. రెండోది అమ్మను గాయం చేసేది, అమ్మకు ఇంకా తెలియకపోయినా సరే.

78 కార్డులు ఎన్నిసార్లు తీసినా ఆ ఫోటో పెట్టె బయటికొచ్చేది కాదు. బొమ్మలకు బలం లేక కాదు. కార్డు రాత్రి పూట ఒంటరిగా తీసుకునేది, ఎదురు ప్రశ్న వేయనిది. నచ్చిన అర్థం దొరికేదాకా మళ్లీ మళ్లీ తీయొచ్చు. తోటి మనిషి అట్లా కాదు. "అమ్మకు ఏం చెప్పినవ్?" అని అడుగుతాడు. విప్పి చెప్పు అని బుద్ధుడు రాహులుడికి చెప్పింది అందుకే.

ఇళ్లల్లో తల్లిదండ్రులు అడిగేదానికి కూడా జవాబు చెప్పాలి. పిల్ల దగ్గర కార్డులు కనిపిస్తే చించేయాలా? వద్దు. అది అట్టముక్క, అందులో దయ్యమూ లేదు, దేవుడూ లేడు. ఉందని భయపడితే మనం మళ్లీ పాత చోటికే పోయినట్టు. పక్కన కూర్చొని, ఏ ప్రశ్న అడిగి తీసినవ్ బిడ్డా అని అడగండి. "వాడు నన్ను ప్రేమిస్తున్నడా", "ఉద్యోగం వస్తదా" అని అడిగి తీస్తే అది చిలక జోస్యమే, ఏ పేరు పెట్టినా సరే. పైసలిచ్చి తీయించుకుంటే మాన్పించండి. "నాకు మనసు బాగలేదు, ఎందుకో తెల్వదు" అని తీస్తే, ఆ పిల్లకు కావాల్సింది మీరు. ఆ దిగులు వారాల తరబడి పోకపోయినా, తిండి నిద్ర పోయినా, కార్డులూ వద్దు, మన ధమ్మ ప్రసంగాలు కూడా సరిపోవు, మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకుపోండి. సర్కారు నడిపే టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, పైసలు అడగరు.

పౌర్ణమి రోజు మనం కూడినప్పుడు వందన అయ్యాక ఒక అరగంట దీనికి పెట్టుకుంటే బాగుంటుందని నా సూచన. ఎవరైనా ఈ నెలలో చేసిన ఒక పనిని చెప్పాలి. మిగతావాళ్లు తీర్పు చెప్పకూడదు, ఆ మూడు ప్రశ్నలు మాత్రమే అడగాలి. మొదట్లో ఎవరూ నోరు తెరవరు. పెద్దలు ముందు మొదలుపెట్టాలి.

ఆ పిల్ల ఇంకా అదే గదిలో ఉంది. పరీక్ష అయ్యేదాకా మారలేదు, మారమని నేనూ చెప్పలేదు. పోయిన నెల అమ్మ వచ్చి రెండు రోజులుండి పోయింది. ఫోటో సంగతి నేను అడగలేదు.